ఒట్టు తప్పినోడు

చిత్తూరులో తాగుబోతు మొగుళ్ళున్న ఆడోళ్ళకు కరువు లేదు. కానీ మొగుడికి తన చేత్తోనే కల్లు కొలిచి పోసిన ఆడది మటుకు ఆ ఊళ్ళో వరదమ్మ ఒక్కతే. ఆ సంగతి తెలిసి నవ్వినోళ్ళు నవ్వినారు, మూతి తిప్పుకున్నోళ్ళు తిప్పుకున్నారు. ఆమె లెక్కపెట్టలేదు. ముందు నా కొంప నిలబడిందో లేదో సూడండి, ఆ తర్వాత తీరిగ్గా నవ్వుకోండి అనేది. కొంప నిలబడిన మాట నిజమే. కొన్నాళ్ళు నిలబడింది.

ఆమె మొగుడు చెంగయ్య గంగాధరం ఆచారి కొట్టులో మెరుగు పనోడు. ఆచారీ ఆయన మనుషులూ బీరువాలూ కుర్చీలూ పట్టెమంచాలూ చేస్తే, వాటికి పాలీషు పట్టించేది చెంగయ్య. స్పిరిట్టులో లక్క కరిగించి, మెత్తని గుడ్డను ఉండ చేసి అందులో ముంచి, కొయ్య మీద రుద్ది రుద్ది, అందులో మన మొగం మనకు కనబడేదాకా వదిలేవాడు కాదు. కచేరీ మేజాలు మొదలుకొని పెండ్లిమంచాల దాకా ఆయన చెయ్యి పడందే కొట్టు దాటేవి కావు. చేతిలో అంత పనితనం పెట్టిన దేవుడు గొంతులో ఆ దాహం ఎందుకు పెట్టినాడో ఆ దేవుణ్ణే అడగాల.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఒకసారి సర్కారు జిల్లా అంతటా కల్లంగళ్ళూ సారాయంగళ్ళూ మూయించింది. ఆ కాలాన్ని వరదమ్మ తలుచుకోని దినం లేదు. మొదట్లో చెంగయ్య పిచ్చి పట్టినోడి మాదిరి వీధులెంట తిరిగినాడు. రానురాను కుదురుకున్నాడు. ఒళ్ళు నిండింది, మాట నిదానమైంది. ఒక్కగానొక్క కూతురు దేవకమ్మను పలమనేరులో పాడిపశువులున్న ఇంటికి ఇచ్చి పెండ్లి చేసినారు. తాగుబోతు కూతురని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ పెండ్లి నాడు వరదమ్మ కడుపు నిండా అన్నం తిన్నది.

ఏం లాభం? యుద్ధం నడిమధ్యలో సర్కారు మనసు మారింది. మూసిన అంగళ్ళన్నీ మళ్ళీ తెరిచినారు. చెంగయ్య కొన్నాళ్ళు ఆ వీధిని తప్పించుకొని తిరిగినాడు, ఆ తర్వాత ఆ వీధిలోనే కాపురం పెట్టినాడు. కాలవలో పడి ఉన్నవాణ్ణి వరదమ్మ ఎన్నిసార్లు లేపుకొచ్చిందో చెప్పలేం. ఒకసారి ఎవరిదో పెండ్లిమంచం మీద పాలీషు డబ్బా ఒలకబోసి దాన్ని చారలు చారలు చేసినాడు. ఇంకొక్కసారి ఇట్లా జరిగితే వేలూరు నుంచి వేరే మనిషిని తెచ్చుకుంటానని ఆచారి తెగేసి చెప్పినాడు.

కాణిపాకానికి తీసుకుపొమ్మని వీధిలో ఆడోళ్ళంతా చెప్పినారు. ఆ పక్కల తాగుడు మానాలనుకున్నోళ్ళు చేసేది అదే. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందర నిలబడి ఒట్టు పెట్టుకుంటారు. కచేరీలో అలవోకగా అబద్ధమాడే మనుషులు కూడా ఆ దేవుడి ముందర నోరు విప్పాలంటే జంకుతారు. ఆడ పెట్టిన ఒట్టు తప్పితే కాలో కన్నో పోతుందని అందరి నమ్మకం. వరదమ్మకు పట్టుకున్న భయమూ అదే. మానేస్తానని ఆయన ఒట్టు పెడతాడు, వారం తిరగకముందే తప్పుతాడు, ఆ పైన దేవుడు ఊరుకుంటాడా?

ఆమెకు వాళ్ళ నాయన మునెయ్య గుర్తుకొచ్చినాడు. ఆయన సేద్యగాడు. పొద్దుగూకినాక పావు కల్లు తాగి, సంగటి తిని పండుకునేవాడు. చచ్చేదాకా ఆ పావు మీద ఇంకో చుక్క అడిగింది లేదు, ఇంట్లో ఒకరి మీద చెయ్యెత్తింది లేదు. అట్లాగైతే తప్పు కల్లులో లేదు, కొలత లేకపోవడంలో ఉందని వరదమ్మ తేల్చుకున్నది. మొగుడు నిలబెట్టుకోగలిగిన ఒట్టే పెట్టించాలనుకున్నది.

కాణిపాకంలో తడిబట్టలతో చెంగయ్య అన్న మాట ఇది: "నా పెండ్లాం తన చేత్తో కొలిచి పోసిన పావు తప్ప, ఇంకో చోట, ఇంకో చేత్తో చుక్క ముట్టను సామీ." పక్కన నిలబడిన ముసలాయన ఒకడు, ఈడికి మానేస్తామని వచ్చేవాళ్ళను సూసినాను గానీ తాగుతామని వచ్చినోళ్ళను ఇదే సూడటమని నవ్వినాడు. నవ్వనీలే అనుకున్నది వరదమ్మ.

ఆ దినం నుంచి సందేళయ్యేసరికి ఆమే ముంత పట్టుకొని కల్లంగడికి పోయేది. ఆడ మగోళ్ళు సిగ్గుపడి పక్కకు జరిగేవాళ్ళు, ఆమె మటుకు పాలు తెచ్చుకున్నట్టు తెచ్చుకునేది. బియ్యం కొలిచే ఇత్తడి పావుతోనే కొలిచి, నురగ పోయేదాకా ఆగి, సరిగ్గా అంచుకు పోసి ఇచ్చేది. మొదట్లో చెంగయ్య చిన్నపిల్లోడి మాదిరి రవంత పొయ్యవే, రవంతే అని బతిమాలేవాడు. ఆమె పావును బోర్లించి పెట్టేది. పోనుపోను అడగడం మానేసినాడు. చేతి వణుకు పోయింది. ఆచారి మళ్ళీ మంచాలు అప్పజెప్పినాడు. కొట్టులో ఎవరైనా బలవంతం చేస్తే, కాణిపాకం ఒట్టు అప్పా అని చేతులు జోడించేవాడు.

వరదమ్మకు గర్వం వచ్చింది. వస్తే తప్పేముంది? ఎదురింటోళ్ళు, వెనకింటోళ్ళు వచ్చి, ఎట్లా అదుపులో పెట్టినావు, మా మొగోణ్ణి కూడా దారిలో పెట్టమని అడుగుతుంటే ఎవరికి రాదు? మానిపించేదేంది పిచ్చిదానా, కొలిచి పొయ్యి అని అందరికీ చెప్పేది. తాను ఒక విద్య కనిపెట్టినట్టే ఉండేది ఆమెకు.

యుద్ధం అయిపోయింది. మరుసటేడు దసరా దినాల్లో జిల్లాలో మళ్ళీ అంగళ్ళు మూసినారు. ఈసారి గట్టిగా మూసినారు. పోలీసులు ఈతచెట్ల కింద కూడా కాపలా కాసినారు. మద్యనిషేధ సంఘమని ఒకటి పెట్టి, పరంధామయ్య అనే పాత బడిపంతుల్ని దానికి పెద్దగా వేసినారు. ఖద్దరు కట్టుకున్న మంచి మనిషి ఆయన. ఒంట్లో ఓపిక లేకున్నా ఊరూరా తిరిగి, తాగుడు వల్ల చెడిపోయిన కొంపల గురించి చెప్తా కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. వరదమ్మ ఇంటికి కూడా వచ్చి, ఇంక నీకు ఆ పావు పని తప్పింది తల్లీ అన్నాడు. ఆమెకు సంతోషమే అయింది. కానీ ఒంటికి అలవాటైన పావు ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో పంతులు చెప్పలేదు. ఆయనకు తెలియదు కాబట్టి చెప్పలేదు. చెంగయ్య చేతులు మళ్ళీ వణకడం మొదలుపెట్టినాయి.

అప్పుడే కొట్టులో ఆ పాడు అలవాటు దిగింది. రంపం పట్టే మునస్వామి అనే ఆయన, పాలీషు స్పిరిట్టు కూడా సారాయి జాతే గదా అని ఒక పొద్దు తాగి సూసినాడు. ఏమీ కాలేదు. మిగతావాళ్ళూ మొదలుపెట్టినారు. ఆచారికి తెలిసినా తెలియనట్టే ఉన్నాడు, ఆయనకు పని జరిగితే చాలు. అందరూ తాగుతుంటే చెంగయ్య ఒక్కడే గడప దగ్గర ముడుచుకొని కూర్చునేవాడు. పెండ్లాం వచ్చి నోట్లో పోస్తే గానీ తాగడు అని వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఒక సందేళ ఆయన చిన్న సీసాలో దాన్ని పోసుకొని, మూత బిగించి, మళ్ళీ తియ్యకుండా ఇంటికి తెచ్చి వరదమ్మ ముందర పెట్టినాడు.

"ఆడ నేను ముట్టలేదు. నువ్వు పోస్తే తాగుతాను, లేదంటే లేదు" అన్నాడు.

తాగుడు మనిషి సీసా చేతిలో పెట్టుకొని అంత దూరం నడిచొచ్చినాడు, చుక్క ముట్టకుండా. ఒట్టంటే ఆయనకు అంత భయం. పోలీసులకు తెలిస్తే తాగినోడితో పాటు పోసినదాన్ని కూడా పట్టుకుపోతారని వరదమ్మకు తెలుసు. అయినా పొయ్యకపోతే? ఇయ్యాల కాకుంటే రేపు గడప దగ్గరినుంచి లేచి వాళ్ళతో కూర్చుంటాడు. అప్పుడు కొలతా ఉండదు, ఒట్టూ ఉండదు. ఆమె తలుపు దగ్గరికేసి, పావులో సగం పోసి, మిగతా సగం నీళ్ళు కలిపి ఇచ్చింది. మొగం చిట్లించుకొని తాగి, పండుకొని, పొద్దన్నే మామూలుగా లేచినాడు. చేతులు కుదురుగా ఉన్నాయి. ఆ తర్వాత అదే వాడుకైపోయింది.

కొన్నాళ్ళకు కొట్టులోకి కొత్త స్పిరిట్టు డబ్బా వచ్చింది. ఎప్పుడూ తెచ్చే సరుకు దొరక్క ఆచారి ఎక్కణ్ణించో తెప్పించినాడు. ఒక పెద్ద బంగళాకు బీరువాలు పోవాల, మరుసటి దినం బండికి ఎత్తాల. ఆ సందేళ చెంగయ్య ఎప్పటి మాదిరే సీసా తెచ్చినాడు. వరదమ్మ మూత తీసి మొగం వెనక్కి తీసుకున్నది. అలవాటైన వాసన కాదు.

ఆయనా వాసన సూసినాడు. "ఇదేదో వేరే మాదిరి ఉండాది వరదా. ఈ పూటకు వద్దులే, పారబోసెయ్" అన్నాడు.

పెండ్లయిన ఇన్నేండ్లలో ఆయన నోటెంట వద్దనే మాట ఆమె వినింది అదే మొదలు. ఎగిరి గంతెయ్యాల్సింది. వెంటనే దొడ్లో పారబోసి, దేవుడికి దండం పెట్టుకోవాల్సింది. కానీ ఆమె ఆయన చేతులు సూసింది. అన్నం కుండ మూత దించబోయి గలగలలాడిస్తా ఉండినాడు. రేపు ఆ చేతులతో బీరువా తలుపులకు ఆఖరి మెరుగు పట్టించాల. చార పడితే ఆచారి వేలూరు మనిషికి కబురంపుతాడు. ఇంకొకటి కూడా ఉండింది, చెప్పుకుంటే సిగ్గు: తన చేతి కొలత మీద ఆమెకు అంత నమ్మకం. కొలత దాటితేనే చెడ్డది, దాటకుంటే ఏదీ ఏమీ చెయ్యదని ఊరందరికీ చెప్పి చెప్పి తానే దాన్ని నమ్మేసింది.

"సగం పావే గదా, అంతమాత్రానికి ఏమవుతుంది? తాగి పండుకో" అన్నది.

ఆయన తాగినాడు. ఆమె మాట మీద తాగినాడు.

పొద్దన్నే కడుపులో మెలిపెడతా ఉండాదని లేచి వాంతి చేసుకున్నాడు. కాస్త తేరుకొని, పనికి పొద్దుపోతా ఉండాదని చొక్కా వెతుక్కోబోయి, ఇంటి నిండా ఇంత పొగేంది, ఆ పొయ్యి ఆర్పమని కసురుకున్నాడు. వరదమ్మ ఇంకా పొయ్యి ముట్టించనే లేదు. ఆమె వాకిలి తలుపు బార్లా తెరిచింది. వీధిలో ఎండ కాస్తా ఉండాది. ఇంకా పొగేనా అని అడిగింది. ఇంకా పొగే అన్నాడు. అప్పటికే వీధి చివర మునస్వామి ఇంట్లో ఏడుపులు లేచినాయి.

కొట్టులో తాగినోళ్ళలో మునస్వామితో పాటు మరొకరు కూడా పోయినారు. చెంగయ్యను బండిలో వేసుకొని ధర్మాసుపత్రికి చేర్చినారు. డాక్టరు కళ్ళలోకి దీపం పెట్టి సూసి, ఇతను తక్కువ తాగినట్టున్నాడు, అందుకే ప్రాణం దక్కింది, చూపు మటుకు ఇంక రాదని చెప్పినాడు. సగం పావు అన్న మాట వరదమ్మ చెవుల్లో మోగతా ఉండింది. తన చేతుల్ని నరుక్కోవాలనిపించింది.

మరుసటి దినం ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. ఎక్కడ తాగినావు, ఎవరిచ్చినారని గద్దించినాడు. వరదమ్మ లేచి నిలబడింది. చెప్పేద్దామనే నిలబడింది. ఆమె గాజుల చప్పుడు విన్నాడో ఏమో, చెంగయ్య ముందే నోరు తెరిచినాడు.

"కొట్టులోనే తాగినాను సామీ, అందరితో కూడా. నా చేత్తోనే పోసుకున్నాను."

నీకు కాణిపాకం ఒట్టు ఉండాదంట గదా, ఊరంతా చెప్తారే అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఒట్టు తప్పినాను" అన్నాడు చెంగయ్య.

ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయినాక వరదమ్మ మంచం పట్టె మీద తల బాదుకున్నది. ఎందుకట్లా చెప్పినావయ్యా, దేవుడి ముందర పెట్టిన ఒట్టు గదా, తప్పకుండానే తప్పినానని ఎట్లా అంటివి అని అడిగింది. చెంగయ్య గాలిలో తడుముకొని ఆమె తల దొరికినాక దాని మీద చెయ్యి పెట్టినాడు.

"నిన్ను జైల్లో వేస్తే నాకు సంగటి ముద్ద పెట్టేదెవరే? తప్పలేదని దేవుడికి తెలుసు. ఊరికి తెలియకపోతే పోనీ. ఇంక ఆ మాట ఎత్తొద్దు, నా మీద ఆన" అన్నాడు.

ఆ సందేళ తాను వద్దన్న సంగతి మటుకు ఆయన ఎత్తలేదు. అప్పుడే కాదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి, నువ్వే నా కళ్ళు తీసినావని అరిచి ఉంటే ఆమెకు రవంత ఊపిరాడేది. ఆయన అదీ చెయ్యలేదు.

కాణిపాకం దేవుడు ఒట్టు తప్పినోడి కళ్ళు తీసేసినాడని చిత్తూరంతా చెప్పుకున్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినాక పిల్లలు కూడా వాకిట్లోంచి తొంగిసూసి పోయేవాళ్ళు. పావు కొలిచి పోసి నిన్ను మనిషిని చేస్తే, ఆ తల్లికి చేసిన నిర్వాకం ఇదా అని ఆడోళ్ళు ఆయన మొగాన్నే అడిగేవాళ్ళు. ఆయన తల వంచుకొని, తప్పే తల్లీ అనేవాడు. వరదమ్మ లోపల గిన్నెలు తోముతా ఆ మాట వినేది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమేది.

పరంధామయ్య పంతులు వచ్చి చాలాసేపు చెంగయ్య చెయ్యి పట్టుకొని కూర్చున్నాడు. నీకు జరిగింది నలుగురికి చెప్తే పది కొంపలు బాగుపడతాయి నాయనా, సంఘం తరఫున మీ ఇద్దరికీ బియ్యం ఇప్పిస్తానని చెప్పినాడు. కల్మషం లేని మనిషి, ఆయన్ను తిట్టుకునేదానికి కూడా వీల్లేదు. వరదమ్మ వద్దంటే వద్దన్నది. కానీ పని పోయింది, చూపు పోయింది, వేరే దారేది? పోదాం పదమన్నాడు చెంగయ్య.

అట్లా ఊరూరా తిరగడం మొదలైంది. సంత జరిగే చోట బల్ల వేసి, భజన చేసి, జనం కూడినాక చెంగయ్యను ఎక్కించేవాళ్ళు. వరదమ్మ చెయ్యి పట్టుకొని ఎక్కించాల. కాణిపాకంలో ఒట్టు పెట్టి తప్పినాను, నా కళ్ళు సూడండి అని ఆయన చెప్పేవాడు. ఆ తర్వాత పంతులు, ఈ ఇల్లాలిని సూడండి అనేవాడు. జనం ఆమెను సూసేవాళ్ళు.

పలమనేరులో బల్ల వేసిన పొద్దు జనంలో దేవకమ్మ ఉండింది. మొగుడితో, అత్తతో కలిసి ముందరే నిలబడి ఉండింది. నాయన నోట ఆ మాట ఆమె వినడం అదే మొదటిసారి. చుట్టూ ఉన్నోళ్ళు ఇతను మీ నాయనే గదా అని గుసగుసలాడినారు. భజన మళ్ళీ మొదలైనాక ఆమె బల్ల పక్కకు వచ్చి అమ్మను పిలిచింది. చెంగయ్య గొంతు గుర్తుపట్టి, అమ్మీ వచ్చినావా అని రెండు చేతులూ చాచినాడు. ఆమె ఆ చేతుల్లోకి పోలేదు.

"అమ్మ అంగడికి పోయి సిగ్గిడిచి కల్లు మోసుకొచ్చి నిన్ను సాకింది నాయనా. ఆమె మొగం సూసైనా ఆ ఒట్టు నిలబెట్టుకోలేకపోతివే" అన్నది. అని, తల్లి చెయ్యి పట్టుకొని ఇంటికి రమ్మని లాగింది. ఆయన్ను ఆడే ఉండనీ అన్నది. పో వరదా, పిల్ల పిలస్తా ఉండాది గదా, నాలుగు మెతుకులు తినిరా అని చెంగయ్యే చెప్పినాడు.

కూతురు వేడి సంగటి, పెరుగు పెట్టింది. వరదమ్మ ముద్ద చేసి నోటి దాకా తీసుకుపోయి మళ్ళీ గిన్నెలో పెట్టేసింది. ఇంక ఆమె వల్ల కాలేదు. మొగుడు పెట్టించిన ఆన ఆనే గానీ, కన్నబిడ్డ ముందర ఆ మనిషిని అట్లా నిలబెట్టి తాను పెరుగు తినడమా? జరిగిందంతా చెప్పేసింది. సీసా మూత తియ్యకుండా తెచ్చిన సంగతి చెప్పింది. వద్దులే పారబోసెయ్ అన్న సంగతి చెప్పింది. సగం పావుకు ఏమవుతుందని తానే అన్న సంగతి చెప్పింది. మీ నాయన ఒట్టు తప్పలేదు తల్లీ, ఒక్క చుక్క తప్పలేదు, ఆయన కళ్ళు తీసింది నేనే అని గుండెలు బాదుకున్నది.

దేవకమ్మ అంతా విన్నది. విని, తల్లిని దగ్గరికి తీసుకొని కొంగుతో మొగం తుడిచింది.

"నువ్వు నాకు తెలియదా మా? ఆయన్ను కాపాడేదానికి చిన్నప్పటినుంచి ఎన్ని అబద్ధాలు చెప్పలేదు నువ్వు? పడిపోతే కాలు జారింది అంటివి, తిడితే జ్వరం అంటివి. ఇప్పుడు ఇది. చాలు, ఇంక ఆయన కోసం నిన్ను నువ్వు చెరుపుకోవద్దు" అన్నది.

వరదమ్మ ఇంకోసారి చెప్పబోయింది. కాణిపాకం దేవుడి మీద ఒట్టు అన్నది. ఆ దేవుడి పేరు ఎత్తొద్దు, నాయన తప్పింది చాలదా అని దేవకమ్మ ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది. ఆ తర్వాత గిన్నె ముందుకు జరిపి, చల్లారిపోతా ఉండాది, తిను మా అన్నది.